చెక్కు మీద సంతకం ఎవరిది?

మామిడి రేటు గురించి ఈ కాలమ్‌లో చాలా సార్లు రాశాం. 2025 సీజన్‌లో తోతాపురి మామిడి కిలోకి గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయన్నప్పుడు చిత్తూరు జిల్లా అంతా ఎంత గోల అయిందో అందరూ చూశారు. ఈసారి రేటు సంగతి పక్కన పెడదాం. కాయలు తోలి, నెలలు తిరిగి, చివరికి చేతికొచ్చిన చెక్కు బ్యాంకు నుంచి వెనక్కి వచ్చేస్తే ఆ రైతు ఎవరి మీద కేసు వేయాలి?

ప్రశ్న చిన్నదే గానీ జవాబు చిన్నది కాదు. రైతుకి తెలిసింది ర్యాంపు దగ్గర, అంటే కాయలు దించి కొనే చోట, తూకం వేసే మనిషి, మహా అయితే మేనేజరు. చెక్కు మీద ఉండేది ఏదో ప్రైవేట్ లిమిటెడ్ పేరు, దాని కింద అర్థం కాని ఒక గీత.

కంపెనీ వేరు, యజమాని వేరు అనే లెక్క 1897 నాటి తీర్పుతో స్థిరపడింది. లండన్‌లో సాలమన్ అని ఒక బూట్ల వ్యాపారి ఉండేవాడు, తన వ్యాపారాన్నే కంపెనీగా మార్చి 20,007 షేర్లలో 20,001 తనే పెట్టుకుని మిగిలిన ఆరూ ఇంట్లోవాళ్లకి తలా ఒకటి ఇచ్చాడు, పైగా కంపెనీ తనకే బాకీ ఉన్నట్టు డిబెంచర్లు, అంటే కంపెనీ ఆస్తి తనఖాతో అప్పు పత్రాలు, రాయించుకున్నాడు. కంపెనీ మునిగింది, సరుకిచ్చినోళ్లు లబోదిబోమన్నారు, కింది కోర్టులు ఆయన్నే తప్పుబట్టాయి, అప్పట్లో బ్రిటన్‌లో పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం కంపెనీ అప్పు సాలమన్ అప్పు కాదని తేల్చేసింది. మన దగ్గర కథ పెద్ద తేడా ఏం లేదు. రైతు కాయ గుజ్జయి డ్రమ్ముల్లోకి ఎక్కేసరికి చాలా సార్లు ఆ స్టాకు మీద బ్యాంకు తనఖా ఉంటుంది, రైతు బాకీకి మాత్రం ఏ తనఖా ఉండదు. దివాలా చట్టం కింద వెళ్దామంటే 2020 నుంచి బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి, కోటి రూపాయల కాయ తోలే రైతు ఎంతమంది ఉంటారు?

కాబట్టి మిగిలేది చెక్కు బౌన్స్ కేసు, అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని సెక్షన్ 138. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. సెక్షన్ 141 ప్రకారం కంపెనీతో పాటు దాని వ్యవహారాలు నడిపేవాళ్లు కూడా ముద్దాయిలే, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయినా అంతే. వినడానికి బాగుంది, రైతు జారిపడేది కూడా ఇక్కడే. హైదరాబాద్ మందుల కంపెనీ ఎస్.ఎం.ఎస్. ఫార్మాస్యూటికల్స్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఊరికే డైరెక్టర్ అయినంత మాత్రాన ముద్దాయి కాడు, ఆ టైంలో వ్యాపారం నడిపింది ఆయనే అని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి, మేనేజింగ్ డైరెక్టర్, చెక్కు మీద సంతకం పెట్టినాయన మాత్రం తప్పించుకోలేరు. 2012లో అనితా హాడా కేసులో ఇంకో మాట, కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా డైరెక్టర్ మీద కేసు నడవదు. అంటే ఉత్త మనిషి పేరు రాసినా పోయింది, మనిషి గురించి సరిగ్గా రాయకపోయినా పోయింది! నోటీసు ఇవ్వడానికి రిటర్న్ మెమో, అంటే చెక్కు వెనక్కి వచ్చిందని బ్యాంకు ఇచ్చే చీటీ, వచ్చాక 30 రోజులే, అందులో కంపెనీ పేరు వదిలేస్తే తర్వాత కలపనివ్వలేదని 2019లో ఇంకో తీర్పు కూడా ఉంది.

రైతుకి పనికొచ్చేవీ ఉన్నాయి, కాదనం. 2014లో చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఉన్న ఊర్లోనే కేసు వేయాలని సుప్రీంకోర్టు అనేసరికి జనం ఇబ్బంది పడ్డారు, 2015లో చట్టం మార్చారు, ఇప్పుడు పలమనేరు బ్రాంచిలో ఖాతా ఉండి అందులో చెక్కు వేసిన రైతు పలమనేరు కోర్టులోనే వేసుకోవచ్చు, చెన్నైకో బెంగళూరుకో పరిగెత్తక్కర్లేదు. 2021లో మోహన్‌రాజ్ కేసులో కంపెనీ దివాలా ప్రక్రియలో ఉంటే దాని మీద చెక్కు కేసు ఆగుతుంది గానీ డైరెక్టర్ల మీద ఆగదని చెప్పారు. అందుకే ఆ సంతకం ఎవరిదో తెలియడం అంత ముఖ్యం.

మా మాట ఒకటే. తూకం చీటీ మీద బండి నంబరు, బరువు వేసి పంపించేస్తే చాలదు, కొనే కంపెనీ పూర్తి పేరు, రిజిస్టర్డ్ అడ్రస్, మేనేజింగ్ డైరెక్టర్ పేరు అచ్చులో ఉండాలని మామిడి ఫ్యాక్టరీలున్న జిల్లాల కలెక్టర్లు సీజన్‌కి ముందే ఆర్డర్ వేయాలి. ఇది ఫ్యాక్టరీల మీద కక్ష కాదు, డబ్బు టైంకి ఇచ్చేవాళ్లకి దీంతో వచ్చే నష్టం ఏమీ లేదు. ఉచిత న్యాయసాయం చేసే లీగల్ సర్వీసెస్ అథారిటీవాళ్లు కూడా అవగాహన సదస్సు కోర్టు హాల్లో పెట్టి ఫొటో దిగడం కంటే, నోటీసు నమూనా పట్టుకుని జూన్‌లో ర్యాంపుల దగ్గరికి రావాలి, అదీ రాత్రి పూట, ట్రాక్టర్లు లైన్లో ఆగిపోయి రైతు కింద తువ్వాలు పరుచుకుని కూర్చున్న టైంలో.