కాటన్ దొరే ముద్దాయి

మా కారు చించినాడ వంతెన మీద ఆగిపోవడానికి కారకుడెవరో తేలింది. సర్ ఆర్థర్ కాటన్.

తేల్చింది మా మెకానిక్ గారు. ముందురోజు వాటర్ పంపు మార్చి, హోస్ పైపు తగిలించింది ఆయనే. మర్నాడు వంతెన మధ్యకు వచ్చేసరికి ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. కింద గోదావరి పాయ వశిష్ఠ నిండుగా పారుతోంది, మా రేడియేటర్లో చుక్క లేదు. ఊడిన పైపు మీద క్లిప్పు గాజులా గిరగిరా తిరుగుతోంది. చల్లారాక పైపు బిగించి, ఒక పుణ్యాత్ముడు తెచ్చిన కాలువ నీళ్లు పోసి ఎలాగో షెడ్డుకు చేర్చాం. మెకానిక్ గారు మూత తీసి, వేలు ముంచి, వాసన చూశారు.

"కాలువ నీళ్లు పోశారా అండీ? అందుకేనండీ ఇలా అయింది."

పైపు ఊడాక పోసిన నీళ్ల వల్ల పైపు ఊడిందన్నమాట. కాలువలదే నేరమైతే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దొరగారిని వదలడం న్యాయం కాదు. గుర్రమెక్కిన ఆయన విగ్రహానికి నోటీసు అంటిద్దాం. ఏటా దండలు వేసే పెద్దలు ఈసారి వకాలతు వేస్తారు. "ఆనకట్ట కట్టునపుడు చించినాడ వంతెన మీది బండ్ల సంగతి ఆలోచించితిరా?" దొర మాట్లాడరు. మౌనం అర్ధాంగీకారం. తర్వాత గుర్రాన్ని సాక్ష్యానికి పిలుద్దాం. మెకానిక్‌తో పనిపడని వాహనం కనుక నిష్పాక్షికంగా చెబుతుంది.

ఈలోగా ఇంజిన్‌కూ దాని పైమూత హెడ్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ కాలి, ఇంజిన్ ఆయిల్లో నీళ్లు కలిశాయి. హెడ్ దింపాలట, దానికి వేరే కూలి. మొదటి పనికి బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద వేసిన అంకె చూపించారు. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉందన్నాను. "మన మధ్య చట్టాలెందుకండీ" అన్నారు.

ఎందుకా? క్లిప్పుకు స్క్రూడ్రైవర్ నాలుగు తిప్పులు తిప్పని ఈ చేయే రేపు ఎవరి బండికో బ్రేకు గొట్టం బిగిస్తుంది కనుక. ఆ బండి పిట్టగోడ లేని కాలువ గట్టు మీద పిల్లలతో వెళుతుంది కనుక. అప్పుడు కూడా కాలువలో వేలు ముంచి వాసన చూస్తారా? సిగ్గుండాలి.

హెడ్ దింపే కూలి ఇవ్వనని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. మర్యాదగా అందుకుని, వెనక్కి తిప్పి, ఇంకెవరి బండి లెక్కో వేసుకున్నారు.