కూలాక కొలుస్తారా?

2010 మే 26 రాత్రి శ్రీకాళహస్తి రాజగోపురం కూలిన దృశ్యం టీవీలో చూసినవాళ్లకు ఆ దుమ్ము ఇంకా గుర్తుండే ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం అది. మరో ఆరేళ్లు నిలబడితే ఐదు వందల ఏళ్లు నిండేవి. చీలిక పెద్దదవుతోందని గమనించి చుట్టుపక్కల వాళ్లను దూరం పంపారు కాబట్టి మనుషుల ప్రాణాలు దక్కాయి. 2017కల్లా అదే చోట కొత్త గోపురం లేచింది, కుంభాభిషేకం జరిగింది. సంతోషమే. నా ప్రశ్న పాతదాని గురించి. కూలడానికి ముందు పదేళ్లలో అది ఎటు ఒరిగింది? ఎంత ఒరిగింది? చీలిక ఏ ఏడు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగింది? ఈ లెక్క మామూలు భక్తుడికి అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఆ లెక్క చెప్పే యంత్రం 1990ల చివర్లోనే మార్కెట్లోకి వచ్చింది. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టే లేజర్ స్కానర్. గుండ్రంగా తిరుగుతూ కిరణాన్ని వదులుతుంది. గోడకు తగిలి వెనక్కి వచ్చిన వెలుగును బట్టి దూరం తేలుస్తుంది. ఇప్పటి స్కానర్లు సెకనుకు పది, ఇరవై లక్షల చుక్కలు పెడతాయి. దగ్గర్లో ఉన్న గోడయితే తేడా రెండు మూడు మిల్లీమీటర్లు మించదు. ఒక చోట పని అయ్యాక స్టాండు ఎత్తి ఇంకో చోట పెడతారు. అన్ని చోట్ల నుంచి వచ్చిన చుక్కలను కంప్యూటర్లో ఒకదానితో ఒకటి అతికితే భవనం మొత్తం కోట్ల చుక్కలతో నిలబడుతుంది. చుక్కలు పెట్టాకే గీత గీయాలని మన ఇళ్లలో ముగ్గు వేసే ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మన ఇంజినీరింగ్ విభాగాలు మాత్రం గీత ముందు గీసేసి, చుక్కలను దానికి సర్దుతాయి.

ఆ మాట ఊరికే అనలేదు. ఆ మధ్య మా ఊళ్లో మండువా ఇంటిని బాగు చేయిద్దామని ఒక ఇంజినీరును పిలిచాం. టేపుతో రెండు రోజులు కొలిచి ప్లాన్ గీసి ఇచ్చాడు. కాగితం మీద గదులన్నీ చక్కగా నలుచదరంగా ఉన్నాయి. మా మేస్త్రి చూసి నవ్వాడు. “ఈ ఇంట్లో ఒక్క గదికి మూలమట్టం కుదిరినా నా పేరు మార్చుకుంటానండీ” అన్నాడు. మూల నుంచి మూలకు రెండు వైపులా తాడు పట్టి చూస్తే నిజమే, జానెడు తేడా ఉంది. ఆ ప్లాన్ నమ్మి దూలాలు కోయించి ఉంటే కలపంతా పొయ్యిలోకే. ఇంజినీరు చెడ్డవాడేం కాదు. టేపు పట్టుకున్న మనిషి తనకు అవసరం అనుకున్నవే కొలుస్తాడు, మిగతాది ఊహించుకుంటాడు. లేజరుకు ఊహ లేదు. ఒరిగిన గోడను ఒరిగినట్టే చూపిస్తుంది.

పారిస్‌లో నోత్రదామ్ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ కళాచరిత్రకారుడు 2010లో ఆ చర్చిని యాభైకి పైగా చోట్ల నుంచి స్కాన్ చేశాడు. వంద కోట్లకు మించిన చుక్కలు వచ్చాయి. ముందువైపు రాజుల విగ్రహాల వరుస నిలువు నుంచి దాదాపు అడుగు పక్కకు జరిగి ఉందని కూడా తేలింది. ఎనిమిది వందల ఏళ్లుగా జనం తలెత్తి చూస్తున్న ముఖద్వారం అది, ఏ కంటికీ ఈ తేడా అందలేదు. టాలన్ 2018 నవంబరులో కన్నుమూశాడు. 2019 ఏప్రిల్ 15న చర్చి తగలబడింది. తిరిగి నిలబెట్టేటప్పుడు ఆయన చుక్కలు అక్కరకొచ్చాయి. 2024 డిసెంబరులో తలుపులు తెరిచారు.

ఈ కథ చెప్పేవాళ్లంతా ‘కాలిపోయినా మళ్లీ కట్టుకోవచ్చు’ అన్న దగ్గర ఆగిపోతారు. నన్ను ఊరించేది ఆ సంగతి కాదు. కూలకముందే దీనితో ఏం చేయొచ్చన్నదే అసలు విషయం. ఒక గోపురాన్ని ఈ ఏడు స్కాన్ చేయండి. మూడేళ్లాగి అవే గుర్తుల మీద మళ్లీ చేయండి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరిస్తే కదలని భాగం ఒక రంగులో, కదిలిన భాగం ఇంకో రంగులో కనిపిస్తుంది. ఏ అంతస్తు ఎంత ముందుకు వంగిందో, ఏ కమాను ఎంత కుంగిందో చూడటానికి ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. 2019 మే మొదట్లో చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి కింద పడింది. తర్వాత పరిశీలనలు, మరమ్మతులు మామూలే. ఊడకముందు ఆ పెళ్ల గోడను వదిలి ఉబుకుతూ ఉండాలి కదా? ఉబ్బు అంటే కొన్ని మిల్లీమీటర్లే. అంత చిన్న తేడాను పట్టుకోవడానికేగా ఈ యంత్రం ఉన్నది! రోగి మంచం ఎక్కాక స్కానింగుకు పరిగెత్తుతాం సరే, అప్పుడప్పుడు బీపీ చూడటానికేం రోగం?

మనకు చేతకాదనుకుంటే పొరపాటు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురంలో మళ్లీ పేర్చారు. లేజరు లేదు, కంప్యూటరు లేదు. రంగు డబ్బా, టేపు, ఓపిక ఉన్నాయి. ఈ రోజు అలంపురం వెళ్లి చూస్తే ఆ గుడి అక్కడే పుట్టినట్టుంటుంది. కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో ఆగాఖాన్ ట్రస్టు లేజర్ స్కానింగ్ వాడింది కూడా. కాబట్టి తెలియక కాదు, యంత్రం దొరక్క కాదు.

అవతలి వాళ్ల మాటా వినాలి. ఇది ఖర్చు వ్యవహారం అంటారు, స్కానర్ గోడ లోపలి తుప్పునూ చెదనూ చూడలేదంటారు, అద్దాల దగ్గర తడబడుతుందంటారు, ఫైళ్లు హార్డ్‌డిస్కులో పాచిపోతాయంటారు. అన్నీ నిజమే. నోత్రదామ్ పైకప్పు కలపను ఇద్దరు ఆర్కిటెక్టులు 2014లో చేత్తో కొలిచి గీసిన బొమ్మలు కూడా పునర్నిర్మాణానికి పనికొచ్చాయి. కాబట్టి టేపును పారేయమని నేననను. కానీ స్కానర్ అద్దెకు దొరుకుతుంది, మామూలు సైజు భవనానికి పని రోజుల్లో అయిపోతుంది. కూలగొట్టడానికీ మళ్లీ కట్టడానికీ కోట్లు విదిల్చే చోట కొలతకు డబ్బు లేదంటే నవ్వొస్తుంది.

అసలు అడ్డంకి డబ్బు కాదని నా అనుమానం. కొలిస్తే నిజం నమోదవుతుంది. నమోదైన నిజం ఫైలును కదలనివ్వదు, లేదా వద్దన్న వైపు కదిలిస్తుంది. మన పాలన అంతా కాకి లెక్కల మీద నడవడానికి అలవాటు పడింది. మంజూరు చేసిన ప్లాన్‌లో సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఉంటుంది, కట్టిన ఇంట్లో ఉండదు. కాగితంలో సెల్లార్ అంటే పార్కింగు, కిందికి దిగితే దుకాణం. పాస్‌బుక్కులో ఒక విస్తీర్ణం, గట్టు మీద ఇంకోటి. తేడా బయటపడ్డప్పుడల్లా క్రమబద్ధీకరణ పథకం వస్తుంది, డబ్బు కట్టించుకుని అబద్ధానికి రసీదు ఇస్తుంది. కొలత ఖచ్చితంగా ఉంటే ఆ రసీదు రాయడానికి చెయ్యి రాదు. అందుకే ఖచ్చితమైన కొలతంటే ఆఫీసుల్లో అంత టెన్షన్.

2020 జులైలో హైదరాబాద్ పాత సచివాలయం పడగొట్టినప్పుడు చూశాం కదా. 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్, అదే జీ బ్లాక్, అందులో పోయింది. మీడియాను కూడా దగ్గరికి రానివ్వలేదు, ఆ సంగతి హైకోర్టు దాకా వెళ్లింది. పడగొట్టడం సరా తప్పా అన్న వాదన ఇప్పుడు పెట్టను. పడగొట్టే ముందు దాని మెట్లు, కమానులు, గచ్చుపని మిల్లీమీటరు వరకు కొలిచి పెట్టారా? పెట్టి ఉంటే ఆ ఫైలు నాంపల్లి లైబ్రరీలో కూర్చున్న ఆర్కిటెక్చర్ విద్యార్థి చేతికి ఎందుకు అందడం లేదు? హైదరాబాద్‌లోనే ఉన్న పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూలుస్తామన్నప్పుడు 2019 సెప్టెంబరులో హైకోర్టు అడ్డుపడింది. ప్రతిసారీ కోర్టే కాపలా కాయాలంటే ఎలా?

నా డిమాండ్ చిన్నదే. వందేళ్లు దాటిన ఏ ప్రభుత్వ భవనాన్నీ స్కాన్ చేయకుండా ముట్టుకోవద్దు, మరమ్మతుకైనా సరే, కూల్చివేతకైనా సరే. ఆ స్కాన్‌ను ప్రజలు డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టాలి. భద్రత పేరు చెప్పి బీరువాలో పెడతామంటే కుదరదు. మ్యాపింగ్ మీద ఉన్న పాత ఆంక్షలను కేంద్రమే 2021 ఫిబ్రవరిలో చాలావరకు ఎత్తేసింది.

మొదలు పెట్టడానికి ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం ఉంది. 2020 వర్షాల్లో వార్డుల్లోకి నీళ్లొచ్చి మూసేశారు. అప్పటి నుంచి పనికిరాదని ఒకరు, బాగుచేస్తే నిలుస్తుందని ఒకరు నివేదికలు ఇస్తూనే ఉన్నారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన అయింది కాబట్టి, ఇక తొందరపడి కూల్చాల్సిన పని కూడా లేదు. మూసీ వైపు గుమ్మటాల ఇప్పటి కొలతలు ఎవరి దగ్గరైనా ఉంటే బయటపెట్టండి. లేకపోతే తాళం తీసి, ట్రైపాడ్‌తో ఇద్దరు కుర్రాళ్లను లోపలికి పంపండి.