ఎముక ముట్టని పట్టా

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి అమలాపురం, భీమవరం, నరసాపురం బస్టాండ్ల చుట్టూ ఒకే రకం ఫ్లెక్సీలు. పుర్రె బొమ్మ, దాని మీద భూతద్దం, కింద పెద్ద అక్షరాల్లో ‘ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ డిగ్రీ, నూటికి నూరు శాతం ఉద్యోగం’. వాటిలో ఒక కళాశాలకు మా విలేకరి వెళ్లి, పిల్లలు ఎముకలు చదివే గది చూపించమని అడిగాడు. జువాలజీ ల్యాబు మూలన నిలబెట్టిన ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని చూపించారు. దానికి ఎడమ చేయి లేదు. పాఠం ఎవరు చెబుతారంటే ఇంకా ఎవరినీ తీసుకోలేదన్నారు. ఫీజులు మాత్రం తీసుకుంటున్నారు.

దొరికిన ఎముకలను చూసి అవి ఎవరివో, ఏం జరిగిందో పోలీసులకూ కోర్టుకూ చెప్పే ఈ చదువు వద్దని ఈ పత్రిక అనడం లేదు. గోదావరి డెల్టాకు ఇది ఎంత అవసరమో ఇక్కడి పోలీసు స్టేషన్లలో అడిగితే చెబుతారు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపినప్పుడు బురదలో బయటపడే ఎముకలు, చేపల చెరువు తవ్వుతుంటే పొక్లెయిన్ తొట్టెలో పైకి వచ్చే పుర్రె, వరదకు లంక ఒడ్డు కోసుకుపోయి శ్మశానం నుంచి నీళ్లలోకి జారే అస్థికలు ఏ ఎస్‌ఐకీ కొత్త కాదు. 1996 నవంబరు 6 తుపానులో వేటకు వెళ్లి తిరిగి రాని వారి ఇళ్లు ఈ తీరంలో ఇంకా ఉన్నాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును అక్టోబరు 22న ఒడ్డుకు లాగినప్పుడు, అందులో ఉన్నవారు కన్నవాళ్లు కూడా పోల్చుకోలేని స్థితిలో ఉన్నారు. డీఎన్‌ఏ ఫలితం వచ్చేదాకా ఏడవాలో ఆశ పెట్టుకోవాలో తెలియక కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ జిల్లాల వారికి ఒకరు చెప్పనక్కర్లేదు. అంతటి దుఃఖానికి అక్కరకు రావలసిన విద్యను ఫ్లెక్సీ బొమ్మగా మార్చినందుకే మా కోపం.

డీఎన్‌ఏ ఉండగా ఎముక చూసి చెప్పేదేమిటి అనుకునేవారు చాలామంది. డీఎన్‌ఏ పోల్చడానికి మామూలుగా ఎదురుగా ఒక రక్తసంబంధీకుడు ఉండాలి. ఏ ఇంటి తలుపు తట్టాలో ముందు ఎముకే చెప్పాలి. దొరికింది మనిషిదా, గేదె దూడదా అన్నది మొదటి ప్రశ్న. చిన్న ముక్కలే దొరికితే ఇది వినడానికి ఉన్నంత తేలిక కాదు. ఒక్కరివేనా, ఇద్దరివి కలిశాయా అన్నది తరువాతి ప్రశ్న. కటి ఎముక ఆకారం ఆడో మగో చెబుతుంది. ఎదిగే వయసులో ఎముకల కొనలు విడిగా ఉండి, ఎదిగాక అతుక్కుంటాయి. మెడ కింది జత్రుక లోపలి కొన అన్నిటికన్నా చివర, ఇరవైలు దాటుతుండగా అతుక్కుంటుంది. పద్దెనిమిదేళ్ల వాడికీ ముప్పై ఏళ్ల వాడికీ తేడా అక్కడ తెలుస్తుంది. తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు లెక్కగడతారు. బతికుండగా తగిలిన దెబ్బకు మానిన జాడ ఉంటుంది. చనిపోయే వేళ విరిగిన పచ్చి ఎముక అంచు ఒకలా, ఏళ్ల తరువాత గునపం తగిలి విరిగిన ఎండు ఎముక అంచు మరోలా ఉంటాయి. జరిగింది హత్యా, తవ్వకంలో తగిలిన దెబ్బా అన్నది ఆ అంచులో ఉంది. ఒక మనిషి జైలుకు వెళ్లాలా, ఇంటికి వెళ్లాలా అన్నదీ అక్కడే తేలవచ్చు. ప్లాస్టిక్ ఎముకకు ఆ అంచు ఉండదు.

పైగా ఇందులో మనకోసం మనమే చేసుకోవలసిన పని ఎంతో ఉంది. ఎముకను బట్టి ఎత్తు లెక్క కట్టడానికి ప్రపంచమంతా వాడే ట్రాటర్, గ్లెసర్ సూత్రాలు 1952లో అమెరికా వారి ఎముకల నుంచి వచ్చినవి. మన పాఠ్యపుస్తకాల్లోని పాన్ సూత్రాలు 1924 నాటివి, బెంగాల్, బిహార్, ఒడిశా వారివి. సిద్దిఖీ, షాల సూత్రాలు 1944 నాటివి, పంజాబు వారివి. శవం ఎన్నాళ్లకు ఎలా మారుతుందో తెలుసుకోవడానికి అమెరికా శాస్త్రవేత్త విలియం బాస్ అక్కడి టెన్నెసీలో 1980ల మొదట్లో దానం చేసిన శరీరాలను ఆరుబయట ఉంచి పరిశీలన మొదలుపెట్టారు. ఆ లెక్కలు అంతర్వేది దగ్గర పోటు నీళ్లు ఎక్కే కాలువకు ఎలా అతుకుతాయి? తడిని పట్టి ఉంచే మన నల్లమట్టికి ఎలా అతుకుతాయి? తడిలో, గాలి ఆడని చోట శరీరంలోని కొవ్వు మైనంలా గట్టిపడి, నెలల నాటి శవం కూడా ఆకారం నిలుపుకొంటుంది. ఆ సంగతి తెలియని వాడు చనిపోయిన రోజును తప్పుగా రాస్తాడు. రోజు తప్పితే కేసు మొత్తం తప్పుతుంది.

ఈ విద్య డిగ్రీ వయసుకు అందనిది కాదు. స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం దీన్ని డిగ్రీగానే బోధిస్తోంది, శరీర నిర్మాణ శాస్త్ర విభాగం నీడలో. అర్జెంటీనాలో సైనిక పాలన మాయం చేసిన వారి సమాధులు తవ్వడానికి 1984లో ఈ శాస్త్ర నిపుణుడు క్లైడ్ స్నో అమెరికా నుంచి వెళ్లినప్పుడు ఆయనతో గోతుల్లోకి దిగింది విద్యార్థులే. ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మట్టి తుడుస్తూ నేర్చుకున్నారు. తరువాత ఆ బృందాన్ని ఎన్నో దేశాలు పిలిపించుకున్నాయి. వారికి గురువు ఉన్నాడు, చేతిలో ఎముక ఉంది. అంత పని చేసిన అమెరికాలోనే, ఈ శాస్త్రంలో నిపుణుడిగా బోర్డు గుర్తింపు కావాలంటే నేటికీ పీహెచ్‌డీ చేసి, ఆపైన పరీక్ష నెగ్గాలి. మన దేశంలో చూడండి. పంజాబులోని అజ్నాలాలో 2014లో పాత బావి నుంచి తీసిన అస్థికలు గంగా మైదానానికి చెందిన 1857 నాటి సిపాయిలవని 2022లో గానీ తేల్చలేకపోయారు. పంజాబ్ విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త, హైదరాబాద్‌లోని జన్యు పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని అది.

పల్లె పిల్లలకు కొత్త చదువు దగ్గరకు తేవడం తప్పా అని యాజమాన్యాలు అడుగుతున్నాయి. తప్పు కాదు, తెచ్చింది చదువైతే. ఇప్పటికి వచ్చింది పేరు ఒక్కటే. ఆ పేరుకు ఈ ఏడాది అనుమతి దొరికితే వచ్చే ఏడాది దాన్ని చూపించి ఇంకొకరు అడుగుతారు. వారికి లేని ల్యాబు మాకెందుకంటారు. ఇంజనీరింగ్ కళాశాలలకు వరసగా అనుమతులు ఇచ్చిన రోజుల్లో విన్న మాటే ఇది. ముందు గుర్తింపు ఇవ్వండి, ల్యాబు తరువాత వస్తుందన్నారు. మూతపడి, కిటికీలు ఊడిన ఆ భవనాలు రోడ్ల పక్కన ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ నష్టపోయింది చదివిన పిల్లవాడూ, అరెకరం అమ్మి ఫీజు కట్టిన తండ్రీ. ఇక్కడ మూడో మనిషి ఉన్నాడు, చనిపోయినవాడు. ముద్దాయిగా బోనులో నిలబడ్డ నాలుగో మనిషీ ఉన్నాడు. ఒకసారి వదిలితే ఈ నలుగురికీ జవాబు చెప్పేవారు ఉండరు.

మా భయానికి కారణం ఉంది. 2024 జూలై 1న పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరం జరిగిన చోటికి ఫోరెన్సిక్ నిపుణుడు వెళ్లి తీరాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఇచ్చిన గడువు ఐదేళ్లు. గడువు తరుముకొస్తున్నప్పుడు ఖాళీలు నింపే తొందరలో ఎముక ముట్టని పట్టాలకే తలుపు తెరిస్తే? ఇవాళ మన దగ్గర ఎముకల మీద అభిప్రాయం రాసేది మామూలుగా వైద్య కళాశాలల్లోని ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం. డిగ్రీ పూర్తిచేసిన పిల్లవాడి సంతకానికి అక్కడ చోటు లేదు. అలాంటప్పుడు నూటికి నూరు శాతం ఉద్యోగం ఎక్కడిది? రేపు ఎవరో చోటు కల్పించినా, సాక్షి బోను ఎక్కగానే డిఫెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్న, ఇప్పటిదాకా మీరు ఎన్ని అస్థిపంజరాలు చూశారు అని. ఆ ప్రశ్న ముందు తల వంచుకునేది ఫ్లెక్సీ కట్టించిన యజమాని కాదు, ఇరవై రెండేళ్ల పల్లె పిల్ల.

ప్రభుత్వం వైపు నుంచి మాట లేదు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015 జూలై 14 ఉదయం రాజమహేంద్రవరం ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట మనం కళ్లారా చూశాం. ఘాట్లకూ రోడ్లకూ లెక్కలు వేసేటప్పుడు, జరగరానిది జరిగితే మృతులను గుర్తించే బృందానికి ఎవరైనా లెక్క వేశారా? కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఉంది. రాజమహేంద్రవరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్ర విభాగం ఉంది. వీటితో రాతపూర్వక ఒప్పందం లేని కళాశాలను ఈ పేరు వాడుకోనివ్వకూడదు. ఒప్పందం అంటే ఏడాదికోసారి బస్సులో తీసుకెళ్లి చూపించడం కాదు, వారం వారం అనాటమీ విభాగంలో పని. నాలుగేళ్ల ఆనర్సుగా మానవశాస్త్రమో జీవశాస్త్రమో పెట్టి, అందులో ఎముకల పాఠం, తవ్వకం పాఠం, కోర్టు సాక్ష్యం పాఠం చెప్పవచ్చు. ఇది మొదటి మెట్టు, పైన ఎంఎస్సీ, పీహెచ్‌డీ ఉన్నాయని ఫ్లెక్సీ మీదే రాయవచ్చు.

ఎముకల గది కావాలన్నాం కదా అని నాలుగు ఎముకలు ఎక్కడి నుంచో కొని తెస్తే ఒప్పుకునేది లేదు. 1985లో నిషేధించే వరకు ప్రపంచ వైద్య కళాశాలలకు అస్థిపంజరాలు ఎగుమతి చేసింది మన దేశమే. వాటిలో ఎన్నో దిక్కులేని పేదలవి, ఎవరినీ అడగకుండా పంపినవి. ఆ దారి మళ్లీ తెరవకూడదు. దానంగా వచ్చిన శరీరాలు, చట్ట ప్రకారం వైద్య కళాశాలకు చేరినవి మాత్రమే ఉండాలి. ప్రతి ఎముకకూ వయసు, లింగం, ఎలా వచ్చిందో రాసిన రికార్డు ఉండాలి. అది లేని గది చదువుకూ పనికిరాదు, మర్యాదకూ పనికిరాదు.

గుర్తింపు ఇచ్చే తనిఖీ బృందాల వారు ప్రిన్సిపాల్ గదిలో కాఫీ తాగి, ఫైలు మీద సంతకం పెట్టి వెనక్కి రావద్దు. ఎముకల గది తాళం తీయించండి. తీయడానికి గదే లేదంటే, గేటు ముందున్న ఆ ఫ్లెక్సీని మీ కళ్ల ముందే దింపించి, పిల్లలు కట్టిన ఫీజు ఆ సాయంత్రానికల్లా వాళ్ల చేతుల్లో పెట్టించి రండి.