మీ పేడ ఎవరు ఎత్తుతారు? డ్రాగన్ గారికి ఒక బహిరంగ లేఖ

డ్రాగన్ గారికి,

నమస్కారం. మీరు క్షేమంగానే ఉంటారు. మూడు భాగాల నవలలో మొదటి భాగంలోనే డ్రాగన్ చచ్చిపోవడం ఎక్కడా లేదు. రెండో భాగంలో మీ రెక్కకు దెబ్బ తగులుతుంది, మూడో భాగంలో పోయారనుకుని అందరూ ఏడ్చాక లేచి కూర్చుంటారు. కాబట్టి మీ ఆరోగ్యం గురించి నాకు టెన్షన్ లేదు. బొంగురుపోయింది నా గొంతు. రోజూ రాత్రి మా అమ్మాయికి మీ నవల పైకి చదివేది నేనే. మీ గొంతు కొండల్లో ఉరుము దొర్లినట్టు ఉంటుందని మొదట్లోనే రాసిపెట్టారు కనుక, మీ మాట వచ్చినప్పుడల్లా నేను ఉరమాలి. మీరేమో నోరు కదపరు, మనసులోంచి మనసులోకి మాట్లాడతారు. మనసులో ఉరమడం ఎలాగో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

ముందు గుడ్డు సంగతి. మీ గుడ్డును చూశాక గాడిద గుడ్డే నయం అనిపించింది, దాన్ని ఎవరూ నాలుగు అధ్యాయాలు మోయరు. మీ దాన్ని నవలలోని ఆ పిల్ల దుప్పట్లో చుట్టి, పొయ్యి పక్కన పెట్టి, సంచిలో వేసుకుని మంచుకొండ ఎక్కి, చివరికి దాని ముందు కూర్చుని ఏడుస్తుంది. రాజులూ మంత్రగాళ్లూ వందేళ్లు తంటాలు పడినా పగలనిది ఒక్క కన్నీటి బొట్టుకు టప్పున పగులుతుంది. పిల్ల వయసు 12. అమ్మానాన్నలు లేరు. అమ్మానాన్నలున్న పిల్లలంటే మీకెందుకు అంత పడదు? మూడో అధ్యాయం దగ్గర మా అమ్మాయి తలెత్తి నన్ను ఒకలా చూసింది. తనకు డ్రాగన్ రాకుండా అడ్డుపడుతున్నది నేనేనని అప్పుడు అర్థమైంది.

పూర్వం మీరు ఇలా ఉండేవారు కాదు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యంలో 300 ఏళ్లు ఒక దిబ్బ కింద బంగారం మీద పడుకున్నారు. ఎవడో వచ్చి ఒక్క గిన్నె ఎత్తుకుపోతే లేచి ఊళ్లు తగలబెట్టారు. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్న చీమకూ మీకూ సైజులోనే తేడా. కోపానికి కారణం ఉంది, మాకు అర్థమైంది, కథ సాగింది. ఇప్పుడు అదే బంగారం మీద కూర్చుని, నన్నెవరూ అర్థం చేసుకోరు అంటున్నారు.

13వ శతాబ్దపు 'గోల్డెన్ లెజెండ్' అనే క్రైస్తవ సాధువుల కథల పుస్తకంలో సెయింట్ జార్జ్ కథ గుర్తుందా? ఊరివాళ్లు మీకు రోజుకు రెండు గొర్రెలు పంపేవారు. గొర్రెలు తరిగిపోయేసరికి చీట్లు వేసి మనుషుల్ని పంపారు. ఒకరోజు చీటీ రాజుగారి కూతురికి పడింది. జార్జ్ వచ్చి ఈటెతో పొడిచాడు గానీ మీరు చావలేదు. అతను చెప్పగా ఆ అమ్మాయి తన నడికట్టు విప్పి మీ మెడకు వేసింది, మీరు పెంపుడు కుక్కలా ఆమె వెంట ఊళ్లోకి నడిచారు. ఇప్పటి నవల మొత్తం అక్కడ ఉంది చూడండి: ఒక పిల్ల, ఒక డ్రాగన్, మధ్యలో ఒక తాడు. పేరు మాత్రం జార్జ్‌కి వచ్చింది. ఊరి మధ్యలో అతను మిమ్మల్ని చంపాక, కళేబరాన్ని బయటికి లాగడానికి నాలుగు జతల ఎడ్లు కావలసి వచ్చాయట. నాకు ఆ కథ నచ్చేది ఈ ఎడ్ల వల్లే. సాధువుల కథలు రాస్తున్న మనిషి కూడా, ఇంత జంతువు చస్తే ఎవరు లాగుతారు అని ఆలోచించాడు.

ఆ తర్వాతా కొంతకాలం మీ లెక్కలు బాగానే ఉన్నాయి. 1898లో రచయిత కెన్నెత్ గ్రాహం తన కథలో మీకు యుద్ధం మీద విరక్తి, కవిత్వం మీద మోజు అంటగట్టాడు, మీరు మెత్తబడటం అప్పుడే మొదలైంది. పిల్లల కథల రచయిత్రి ఈ. నెస్బిట్ కథలో రాజకుమారి స్వయంగా కత్తిసాము నేర్చిన పిల్ల. మిమ్మల్ని ఎవరో 'డియర్' అని పిలిస్తే మీరు కన్నీళ్లు పెట్టుకున్నారు. అయినా నెస్బిట్ మీకు పెట్రోలు తాగించడం మరిచిపోలేదు. మీరేం తాగుతారో చెప్పింది కదా, అది చాలు.

ఇప్పటి నవలలో మీ పొట్ట ఎక్కడికి పోయింది? మనసు మాత్రం రెండొందల పేజీలు. మీ కాళ్లూ రెక్కల లెక్క నేనడగను. పక్షీ గబ్బిలమూ ముందు కాళ్లనే రెక్కలు చేసుకున్నాయి, మీకు మాత్రం నాలుగు కాళ్లకు తోడు రెండు రెక్కలు అదనం. మాయ అంటారు, సరే. ఏనుగంత జంతువును 12 ఏళ్ల పిల్ల గుహలో దాచి పెంచుతోంది, మరి తిండి? ఒకచోట "కొన్ని చేపలు" అని ఉంది. కొన్ని!

నేను దీన్ని పట్టించుకోకుండా చదువుకుపోయేవాణ్ణే. మా అమ్మాయి పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆపింది. "నాన్నా, దాని పేడ ఎవరు ఎత్తుతారు?" అంది. నేను ఉరుము గొంతులోంచి మామూలు గొంతులోకి రావడానికి కొంచెం టైమ్ పట్టింది. "ఆ అమ్మాయే అయ్యుంటుంది" అన్నాను. "మరి రాయలేదేం?" అంది.

ఎందుకు రాయలేదంటే, మీ కథానాయికకు పని లేదు. ఆమెను మీరు ఎంచుకున్నారు, అంతే. పుట్టకముందే ఏ బండమీదో ఆమె పేరు చెక్కి ఉంది. చెప్పిన మాట వినదు, గెలుస్తుంది. వినకపోవడం మీద నాకు ఫిర్యాదు లేదు, నేను వినే పిల్లను కనలేదు. కానీ తెల్లవారుజామున లేచి, మీరు ఏ పక్కకు ఒత్తిగిల్లితే తోక కింద పడతామో తెలుసుకుని, మీ పొలుసుల మధ్య ఇరుక్కున్న ఎముకలు ఏరి, గంపలు గంపలు మోసిన పిల్లను మీ వీపు మీద చూడాలని ఉంది. మీకు నిప్పు రాకపోతే దగ్గో, అజీర్తో ఆమెకే ముందు తెలుస్తుంది. అప్పుడు శత్రుసైన్యం ముందు ఆమె మీ చెవిలో ఒక మాట చెబితే నేను నమ్ముతాను. బండమీద పేరు చదివితే నాకు ఆవలింత వస్తోంది, అదీ ఉరుము గొంతులో.

రెండో భాగం నిన్న మొదలుపెట్టాం. మీరు ఇంకా పెద్దవారయ్యారట. తిండి ఊసు ఇంకా లేదు.

ఇట్లు,
గొంతు పోయిన ఒక నాన్న

తా.క.: పుస్తకం మొదట్లో ఉన్న మ్యాపులో, మీ గుహ పక్కన ఈ ఉదయం పెన్సిల్‌తో గీసిన చిన్న గది ఒకటి కనిపించింది. ఏమిటని అడిగితే, పారా గంపా పెట్టుకోడానికి అంది.