కాన్పుతో పోయే షుగర్ కాదిది

‘కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన షుగర్ కాన్పయ్యాక పోతుందిలే’ అని ఇంట్లో పెద్దవాళ్లే కాదు, కొందరు డాక్టర్లూ చెప్పి పంపేస్తుంటారు. తల్లికి చాలాసార్లు తగ్గుతుంది కూడా. మరి బిడ్డ సంగతో?

తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను దాటి బిడ్డకు చేరుతుంది, ఆమె ఇన్సులిన్ చేరదు. దాంతో లోపలున్న బిడ్డే అదనంగా ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది, ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది. బొద్దుగా ఉన్నాడని మనం దిష్టి తీసేది ఒక్కోసారి ఈ కొవ్వుకే.

ఆ బిడ్డకు పెరిగాక ఊబకాయమో, షుగరో వస్తే అదంతా వంశపారంపర్యం, ఇంటి తిండి అని కొట్టిపారేసేవాళ్లున్నారు. గర్భంలో స్వల్పంగా ఉన్న షుగర్‌కు వైద్యం చేసినా పిల్లల్లో ఊబకాయం తగ్గినట్టు తేలలేదనీ అంటారు. ఆ రెండో మాట నిజమే. అయితే దాన్నిబట్టి తేలేది చివరి మూణ్ణెల్ల వైద్యం చాలదనే.

ఇక వంశం సంగతి. అమెరికాలోని అరిజోనాలో పీమా తెగ కుటుంబాలపై 2000లో వచ్చిన అధ్యయనం తోబుట్టువులనే పోల్చింది. తల్లికి షుగర్ రాకముందు పుట్టినవాళ్ల కంటే వచ్చాక పుట్టినవాళ్లకు ఆ జబ్బు వచ్చే అవకాశం 3.7 రెట్లు ఎక్కువ. అమ్మా నాన్నా వాళ్లే, ఇల్లూ అదే. తండ్రికి షుగర్ రాకముందు, వచ్చాక పుట్టిన పిల్లల మధ్య మాత్రం అలాంటి తేడా కనబడలేదు. ఇంకా వంశమే అంటే ఎలా? మన పక్కనే మైసూరులో తొమ్మిదిన్నరేళ్ల పిల్లల్ని పరీక్షిస్తే, గర్భంలో షుగర్ ఉన్న తల్లుల ఆడపిల్లల్లో కొవ్వు, రక్తపోటు ఎక్కువగా ఉన్నాయి. ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం మగపిల్లల్లోనూ కనబడింది. ఐదేళ్ల వయసులో కంటే ఆ తేడా పెరిగింది.

అసలు మన ఆరోగ్య వ్యవస్థకు కాన్పు అయితే పనైపోయినట్టే. గర్భిణి పరగడుపున రాకపోయినా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు షుగర్ 140కి చేరిందేమో, దాటిందేమో చూసే సులువైన పద్ధతిని చెన్నై డాక్టర్ వి. శేషయ్య ప్రచారంలోకి తెచ్చారు. కాన్పయ్యాక ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలనీ నియమం ఉంది. అప్పటికి ఆమె పుట్టింట్లో, చంటిబిడ్డతో, నిద్ర లేకుండా ఉంటుంది. ల్యాబ్‌లో రెండు గంటలు కూర్చోవడానికి ఆమెను ఎవరు తీసుకెళ్తారు? వెళ్లలేదని మళ్లీ నింద ఆమెకే.

తొమ్మిదో నెల ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకాకు మాత్రం తల్లి బిడ్డనెత్తుకుని వస్తుంది. ఏఎన్ఎం అక్కడే ఆమె వేలి నుంచి చుక్క రక్తం తీసి చూడొచ్చు. బిడ్డ కార్డు మీద ‘తల్లికి గర్భంలో షుగర్’ అని రాస్తే, రేపు బడిలో బరువు చూసే డాక్టరుకు ఆ పిల్లాణ్ణి ఎందుకు కనిపెట్టుకుని ఉండాలో తెలుస్తుంది.