తాగించి ఊదమంటారా?

బార్లు ఉదయం 10 గంటల నుంచి అర్ధరాత్రి 12 దాకా నడుపుకోవచ్చని 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన విధానంలో రాసింది ప్రభుత్వమే. పన్నెండు దాటాక కర్నూలు రోడ్ల మీద బండి ఆపి, నోటి దగ్గర యంత్రం పెట్టి ఊదమనేదీ ప్రభుత్వమే. నగరంలో ఏ బారు ముందైనా రాత్రి పదకొండుకు నిలబడి చూడండి. వరసగా స్టాండు వేసిన బైకులు కనిపిస్తాయి. ఆ వేళకు సిటీ బస్సు ఉండదు, ఆటో దొరికితే అదృష్టం. లోపల తాగుతున్నవాళ్లు కల్లూరుకో, నంద్యాల చెక్‌పోస్టు అవతలికో ఎలా చేరతారనుకుని ఈ వేళలు ఖరారు చేశారో ఎక్సైజ్ శాఖే చెప్పాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. తొలిసారి దొరికితే 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, కొన్నిసార్లు రెండూ. తాగినందుకు పన్ను తీసుకునేదీ, తాగి నడిపినందుకు జరిమానా తీసుకునేదీ ఒకే ఖజానా.

ఈ మాట కర్నూలు నుంచే గట్టిగా అనాలి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద 19 మంది బస్సు ప్రయాణికులు కాలిపోయారు. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకెళ్లడంతో మంటలు రేగాయి. అంతకుముందే ప్రమాదంలో చనిపోయిన ఆ బైకర్ మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలు తేల్చాయి. తప్పంతా మద్యానిదే అనడం లేదు. బస్సుల తయారీ, తనిఖీల్లో లోపాల చిట్టా వేరే ఉంది. కానీ అన్ని ప్రాణాలు పోయాక కూడా రాత్రి వేళల మద్యం అమ్మకాల గురించి ఒక్క గంట పునరాలోచించలేదంటే ఏమనాలి? ఆ వారమంతా చర్చ నడిచింది ఆ మద్యం ఏ పార్టీ హయాం పాపమన్న దాని మీదే.

పర్మిట్ గదుల సంగతీ ఇంతే. 2019లో ఎత్తేసిన వాటిని 2025 ఆగస్టులో మళ్లీ తెచ్చారు. బహిరంగంగా తాగడం తగ్గుతుందని కారణం చెప్పారు. దుకాణం పక్కనే కూర్చోబెట్టి తాగించి, రాత్రి పదికి షట్టర్ దించి రోడ్డు మీదికి వదిలితే తగ్గేదేమిటో మాకు అర్థం కాలేదు. అదీ రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు వద్దని సుప్రీంకోర్టు 2016లో తీర్పిచ్చిన దేశంలో. ఆ తీర్పు పురపాలక ప్రాంతాలకు వర్తించదని మరుసటి ఏడాదే సడలింపు వచ్చింది, కర్నూలు లాంటి ఊళ్లకు అదే వరమైంది.

లక్షల్లో ఫీజు కట్టిన వ్యాపారులు బతకాలి కదా, బిగిస్తే నాటుసారా, కర్ణాటక టెట్రా ప్యాకెట్లు వస్తాయి కదా అని వాదించేవారున్నారు. ఆదోని, మంత్రాలయం సరిహద్దుల్లో అక్రమ రవాణా ఉన్న మాట నిజమే. దాన్ని ఆపడానికి చెక్‌పోస్టులున్నాయి, అర్ధరాత్రి బార్లు కాదు.

అసలు సంగతి డబ్బు. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి 2 లక్షలు, తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా అమ్మకముందే సుమారు 1,800 కోట్లు వచ్చిపడ్డాయి. అంతకుముందు ప్రభుత్వం దశలవారీ నిషేధమని ఓట్లడిగి, దుకాణాలు తానే పెట్టుకుని, ఆ ఆదాయాన్ని చూపి అప్పులు తెచ్చింది. వీళ్లు నాణ్యమైన మద్యం చౌకగా ఇస్తామని వచ్చారు, 99 రూపాయల క్వార్టర్ తెచ్చారు. కనీసం చెప్పిందే చేశారని సంతోషించాలేమో! ఈ జిల్లాకే చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా 1993లో సారాను నిషేధించారు. ఆ జిల్లాలోనే ఇప్పుడు తాగే గంటలు పెంచి, తాగొద్దని స్కూలు పిల్లల చేత ర్యాలీలు తీయిస్తున్నారు. తాగించి ఊదమనడమంటే ఇదే.

ఇక పది గంటలకు దుకాణం మూసేస్తారన్న నియమం. షట్టర్ సగం దిగుతుంది, కింది సందులోంచి చెయ్యి బయటికి వస్తుంది, క్వార్టర్ మీద పదో ఇరవయ్యో ఎక్కువ. పల్లెల్లో ఆ కష్టం కూడా లేదు. కిరాణా కొట్లో మిక్చర్ పొట్లం, నీళ్ల ప్యాకెట్, ప్లాస్టిక్ గ్లాసు, వెనక గదిలోంచి సీసా, తెల్లవారుజామున నాలుగింటికైనా. ఆ సరుకు ఏ లైసెన్సు దుకాణం నుంచి వచ్చిందో సీసా మీది క్యూఆర్ కోడ్ చెబుతుంది. చదవాలన్న కోరిక అధికారులకు ఉండాలి.

అధిక ధరకు అమ్మినా, బెల్టుషాపులకు సరుకిచ్చినా తొలిసారి 5 లక్షల జరిమానా, మళ్లీ దొరికితే లైసెన్సు రద్దు అని ముఖ్యమంత్రి ప్రకటించారు. ప్రస్తుత దుకాణాల విధానం గడువు 2026 సెప్టెంబరు 30. కొత్త విధానం రాసే ముందు జిల్లా ఎక్సైజ్ అధికారులు ఒక జాబితా బయటపెట్టాలి. కర్నూలు జిల్లాలో ఎవరికి జరిమానా వేశారు, ఎవరి లైసెన్సు రద్దు చేశారు, ఎవరి కోసం ఏ ఎమ్మెల్యే ఫోన్ చేశారు? ఆ జాబితా ఇవ్వలేనివాళ్లకు రోడ్డు మీద పోయేవాణ్ని ఆపి ఊదమనే మొహం ఎక్కడిది?