బీచ్ రోడ్డు ఉప్పుగాలి గారికి

మహారాజశ్రీ విశాఖ ఉప్పుగాలి వారి దివ్యసముఖమునకు,

ఎంవీపీ కాలనీలో అద్దెకిద్దామని అప్పు చేసి పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొన్న ఒక ఓనరు నమస్కరించి వ్రాయునది.

తమరు కుశలమేనని మా బాత్రూమ్ సీలింగు చూస్తేనే తెలుస్తోంది. మొదట పెయింటు పొక్కింది. తర్వాత గీత పడింది. మొన్న బకెట్లో పెచ్చు రాలింది. పైవాళ్ల పైపు లీకని అసోసియేషన్ మీటింగులో ఒకటే రగడ. మేస్త్రీ నిచ్చెనెక్కి, సుత్తితో టకటకా కొట్టి, డొల్ల చప్పుడు విని, "పైపు కాదు బాబూ, ఊచ ఉబ్బింది" అన్నాడు. తుప్పు పట్టిన ఇనుముకి రెట్టింపుకు పైగా చోటు కావాలి. కాంక్రీటు జరగనంటే పగలగొట్టేస్తుంది. అంటే తమరు ఉప్పు మోసుకొచ్చి, సన్నటి పగుళ్లలోంచి దూరి, ఏళ్ల తరబడి మా స్లాబులో కాపురం ఉంటున్నారన్నమాట. అడ్వాన్సు లేదు, అగ్రిమెంటు లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పేరుతో వచ్చినప్పుడైనా తమరు ముందే కబురంపారు. ఈ రోజువారీ రాకపోకలకు ఆ మర్యాద కూడా లేదు.

పెచ్చులన్నీ కొట్టేసి, ఊచల్ని మెరిసేదాకా వైరు బ్రష్షుతో గీకి, తుప్పు పట్టకుండా పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో మూయాలట. కిటికీ గ్రిల్స్ సంగతి సరే సరి. "పుట్టీ పెట్టి రంగేసేయండి సార్, అద్దెకి వెళ్లిపోద్ది" అని బ్రోకరు సలహా. వెళ్లిపోద్ది. వచ్చే వానల దాకా.

ఇక బ్యాంకు. విలువ కట్టడానికొచ్చిన ఇంజనీరు బాల్కనీలోంచి సముద్రం వైపు ఫొటో తీసుకున్నాడు గానీ, బాత్రూమ్‌లో తలెత్తలేదు. 60 లక్షల ఫ్లాటే అనుకోండి. 80 శాతం, అంటే 48 లక్షలు అప్పిస్తారు. మిగతా 12 లక్షలు, పైన రిజిస్ట్రేషన్ ఖర్చు మన జేబులోంచే. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లయితే ఈఎంఐ దాదాపు 41,650. అద్దె 16 వేలు వస్తే గొప్ప. దీన్ని పెట్టుబడి అని పిలుస్తున్నాం, పెద్దమనుషులం కాబట్టి.

ఇన్‌కమ్ ట్యాక్స్ వారిది మరో ధర్మం. ఆస్తిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయిస్తారు. ఇల్లు అనంతపురంలో ఉన్నా, ఆర్కే బీచ్ ఎదురుగా ఉన్నా అదే 30. గోడకి మేకు కొట్టకపోయినా అంతే, స్లాబు సగం మార్చినా అంతే. రిపేరు బిల్లులు చూపిస్తే దండం పెట్టి పంపేస్తారు. వడ్డీ వల్ల వచ్చిన నష్టాన్ని జీతంలో సర్దుకోవాలంటే పాత విధానంలో ఏడాదికి 2 లక్షల దాకానే. కొత్త విధానంలో అదీ లేదు. ఇన్ని లెక్కల్లో తమరి పేరు ఒక్కచోట కూడా లేకపోవడం నాకైతే అన్యాయంగానే తోస్తోంది.

రేటు పెరుగుతుందన్న ఆశ మాత్రం ఉంది. రాజధాని అన్నారు, భోగాపురం ఎయిర్‌పోర్టు అన్నారు, ఇప్పుడు డేటా సెంటర్ అంటున్నారు. కబురొచ్చిన ప్రతిసారీ బ్రోకరు రేటు పెంచుతాడు. కొనేవాడిని తెమ్మంటే ఫోనెత్తడు.

నిన్న అద్దెకి చూసుకోడానికి ఒక జంట వచ్చింది. బాల్కనీలో నిలబడి ఆవిడ, "గాలి భలే వస్తోందండీ" అని మురిసిపోయింది. ఆయన గ్రిల్ మీద వేలు పెట్టి రాసి, అంటుకున్న తుప్పు చూపించి, రెండు వేలు తగ్గించమన్నాడు.

అందుకని చిన్న మనవి. రిపేర్లకి టాప్-అప్ లోన్, అంటే ఉన్న అప్పు మీద ఇంకొంత అప్పు, పెడుతున్నాను. ఫారంలో కో-అప్లికెంట్ గడి ఖాళీగా ఉంది. ఇంట్లో సగం వాటా ఎలాగూ తమరిదే కనుక, సోమవారం పదకొండింటికి ఆధార్, పాన్, రెండు ఫొటోలతో బ్యాంకుకి దయచేయగలరు. లోపల ఏసీ ఉంటుంది, తలుపు తోసుకుని రండి.

ఇట్లు,
తమరి పార్ట్‌నర్